సగం నొక్కు

చెల్లి పైడితల్లికి,

ముందు నా రాతకు ఏమీ అనుకోకు. సముద్రం మీద మా మంచె బడిలో నాలుగో తరగతితో మాన్పించేశారు. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ పడాలో ఇప్పటికీ తడబాటే. ఉప్పుగాలికి కాగితం మెత్తబడింది, పెన్సిలు బొటనవేలంత కూడా లేదు, అక్షరాలు అలుక్కుపోయాయి. అర్థం కాని చోట ఇంకోసారి చదువుకో. ఎవరినీ అడగకు. పైకి కూడా చదవకు.

నువ్వు మా మరిది దానయ్యను చేసుకుని ఆరు నెలలైనా మనిద్దరం మాట్లాడుకున్నది లేదు. పెళ్ళిలో నువ్వే రెండుసార్లు "అక్కా" అని పలకరించావు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపాను. పొగరనుకున్నావేమో. కాదు. నాకు నలుగురిలో మాట రాదు. ఆ మాట రాకపోవడం గురించే ఇదంతా.

వానలు తగ్గి నీళ్ళు తేరుకున్నాక మీ పన్నెండో మంచె మీద, దానయ్య మునిగిన ఊళ్ళలోకి దిగేటప్పుడు కట్టుకునే తాడు నీ చేతికిస్తారని, అందుకోసం కీబోర్డు మీద చేపల ఆట నేర్చుకుంటున్నావని మొన్న పడవలో కబురొచ్చింది. కబురులో ఇంకో మాట కూడా ఉంది, "రత్నం పోటు నేర్చుకుంటోంది" అని. ఆ మాట విన్న దగ్గరనుంచి నాకు అన్నం దిగడం లేదు.

తాడు పట్టే ప్రతి ఆడదీ తాడు పుస్తకం రాయాలి కదా. నేను ఒడ్డు ఆఫీసుకు ఇచ్చినది వేరు. ఇవి దాని వెనక పేజీల్లో నాకోసం రాసుకున్నవి. చింపి పంపుతున్నాను. రోజుల లెక్క నేను గిలకల గదిలో మొదట కూర్చున్న రోజునుంచి.

ఒకటో రోజు

పొద్దున్నే అత్త నా తలకు నూనె పెట్టి, జడ బిగించి వేసి పంపింది. వెంట్రుక గిలకలో పడితే తలతో సహా పోతుందట.

గిలకల గది గోడకు పాత ఆట ప్యాడులన్నీ మేకులకు వేలాడుతున్నాయి, ఎండబెట్టిన చేపల్లాగ. చివరిది పోయిన వారమే పనికిరాకుండా పోయింది. లోపలి రబ్బరు పిండిలా రాలిపోయిందట. ఇప్పుడు బల్ల మీద ఉన్నది కీబోర్డు ఒక్కటే.

గిలక మాస్టారు తవిటయ్యగారు ముందు పేరు కొట్టమన్నారు. నూకరత్నం అని కొట్టాను. "నీ పేరు గాదమ్మా, తాడు సివర్న ఉండేవోడి పేరు" అన్నారు. వెనక బల్ల మీది ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆయన పేరు నేనెప్పుడూ నోటితో అనలేదు. ఒక్కో అక్షరం వెతికి వెతికి కొట్టాను. పోలిరాజు. తెర మీద అంత పెద్దగా కనబడేసరికి చెయ్యి అడ్డం పెట్టేశాను.

"దాసీకే గుంటా, నీ మొగుణ్ణి ఎవులూ ఎత్తుకుపోరు" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

మాస్టారు కీబోర్డు నా ముందుకు జరిపారు. "సూడమ్మా. ప్యాడు మీద మీటని ఎంత పిసికితే అంత. మెల్లగా పిసికితే దారం మెల్లగా సుట్టుకుంటాది. గట్టిగా పిసికితే బేగి సుట్టుకుంటాది. ఈ కీబోర్డుకి అది తెల్దు. నొక్కేవా, నొక్కలేదా, అంతే. మా ఇంటిది లాగన్నమాట. ఔనంటాది, కాదంటాది. మజ్జినేటీ నేదు."

ఈ గిలకను కట్టినవాళ్ళు మునిగిన ఊళ్ళలో దొరికిన ఆట ప్యాడులతోనే కట్టారు. అది ప్యాడు మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. అందుకని కంప్యూటరు కీబోర్డు దెబ్బను తీసుకుని, నేను ప్యాడునే అని వేషం కడుతుంది. చేపల ఆట ముందూ అదే వేషం, గిలక ముందూ అదే వేషం. గదిలో అందరూ దాన్ని పగటివేషం అంటారు. తెర కింద ఒక అంకె కనబడుతుంది. సున్నానుంచి రెండువందల యాభై ఐదు దాకా, ఎంత నొక్కితే అంత చూపించాలి. కీబోర్డు మీద నొక్కితే ఆ రెండు చివరలే కనబడతాయి.

మూడు పెద్ద చేపల్ని దారం తెగకుండా పడవలోకి తేగలిగితే తాడు ఇస్తారు. ఈ రోజు నాకు పదకొండుసార్లు తెగింది. తెగినప్పుడల్లా తెర మీది మనిషి తల పట్టుకుంటాడు.

ఇంటికొచ్చాక అత్త "ఎన్నిసార్లు తెగిందే తాడు?" అని అడిగింది. అడిగాక నాలిక కరుచుకుని, నా పుస్తెలు పైకి తీసి కళ్ళకద్దుకుంది. ఇకమీదట మా ఇంట్లో దారం అనే అనాలట.

నాలుగో రోజు

ఇరవైమూడుసార్లు తెగింది.

ఆయన మధ్యాహ్నం వాకిట్లో కూర్చుని మునకకు వేసుకునే తోలు పట్టీలకు చేపనూనె రాస్తున్నారు. నా మొహం చూసి బొటనవేలు చాపారు. "ఇదే మీటనుకో. పిసుకు."

చుట్టూ చూశాను. అత్త లోపల ఉంది. పిసికాను.

"నలభై" అన్నారు. ఇంకాస్త పిసికాను. "నూట పది... నూట యాభై... అబ్బ! రెండొందల యాభై అయిదు! తెగిపోనాది!" అని వెనక్కి పడిపోయినట్టు నటించారు. నాకు నవ్వాగలేదు.

తర్వాత నా బొటనవేలు ఆయన గుప్పిట్లో పెట్టుకున్నారు. "ఇప్పుడు నువ్వు సెప్పు. ఎంత?"

"నూట పదా?"

"ఎనభయ్యే. నా సెయ్యంత మోటుదనుకున్నావేటే?"

ఆయన చేతులకు చేపనూనె వాసన. ఇది పుస్తకంలో ఎందుకు రాస్తున్నానో తెలియదు.

ఆరో రోజు

మాస్టారు నా బాధ చూడలేక ఎడమ చేతి చిటికెనవేలు కిందికి ఒక మీట అమర్చారు. దాని పేరు సగం మీట. దాన్ని అదిమి ఉంచి లాగుడు మీట నొక్కితే అంకె రెండువందల యాభై ఐదుకు బదులు నూట ఇరవై ఎనిమిది చూపిస్తుంది. చిన్న చేపలు వచ్చేశాయి. పెద్ద చేప కిందికి దూకినప్పుడు మాత్రం సగానికి సగం కావాలి. సగం నొక్కితే తెగుతుంది, వదిలేస్తే పారిపోతుంది.

"ఇంకో సగం మీట పెట్టరా మాస్టారూ?" అని నా తరఫున పక్కామె అడిగింది.

"ఏషంలో ఒక్క సగానికే సోటుందమ్మా."

నేను గెలవకపోతే ఆయన మునక మానరు. ఆయన్ను గడియారం గిలకకు కడతారు. దానికి వేళ చెబితే ఆ వేళకు లాగేస్తుంది. కింద మునిగిన ఊళ్ళో మనిషి కిటికీలో ఇరుక్కున్నాడా, తాడు స్తంభానికి చుట్టుకుందా అని చూడదు. కిందటి ఏడాది రెండుసార్లు ఖాళీ పట్టీలు పైకి తెచ్చింది. అందుకే మంచెల మీద తాడు పెళ్ళాం చేతిలోనే ఉండాలంటారు. పోతే పోయేది ఆమెది కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకుంటుందని.

నీళ్ళు తేరుకుంటున్నాయి. ఆయన మునక పంతొమ్మిదో రోజని పలక మీద రాశారు.

తొమ్మిదో రోజు

ఒడ్డునుంచి వడ్లు వచ్చాయి. అత్తా నేనూ ఒకే రోట్లో దంచుతున్నాం. ఆమె రోకలి దిగితే నాది లేస్తుంది, నాది దిగితే ఆమెది లేస్తుంది. నా మనసు చేప మీద ఉండి పోటు తప్పింది. రోకళ్ళు రెండూ కొట్టుకున్నాయి.

"ఏటే నీ తొందర? బియ్యం నూకైపోతాది. పోటుకీ పోటుకీ మజ్జిన ఊపిరుండాల" అంది అత్త. ఆమె చేతులు చూశాను. గిలకలు రాకముందు మామయ్య తాడును వట్టి చేతుల్తో పట్టిన చేతులు. అరచేతుల్లో అడ్డంగా రెండు నున్నటి చారలున్నాయి. "తాడు సేత్తో పట్టుకుంటే మడిసి బరువు తెలుస్తాది. మీటకేటి తెలుస్తాది?" అంటుంది ఎప్పుడూ.

పోటుకూ పోటుకూ మధ్య ఊపిరి. నేను రోకలి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మీటను నొక్కి ఉంచకుండా, కొట్టి వదిలి, కొట్టి వదిలితే? కొట్టినంతసేపు ఉంది, వదిలినంతసేపు లేదు. రెండూ కలిస్తే సగం. వదలడం ఇంకాస్త ఎక్కువైతే పావు.

"అత్తా, నేను గిలకల గదికెళ్ళొస్తాను."

"వడ్లు?"

"వచ్చి దంచుతాను."

నా అంతట నేను ఎక్కడికైనా వెళతానని అనడం అదే మొదటిసారి. అత్త రోకలి దించి నవ్వింది.

పదో రోజు

మూడు చేపలూ పడ్డాయి. ఒక్కసారి కూడా తెగలేదు. చూపుడువేలితో గబగబా కొడుతూ ఉంటే అంకె తొంభైకీ నూట పదికీ మధ్య వణుకుతూ నిలబడింది. పోటు పలచన చేస్తే అరవైకి దిగింది. చేప దూకినప్పుడు పలచన, అలిసినప్పుడు చిక్కన. మూడోది తెర నిండా వచ్చింది.

గదిలో ఆడవాళ్ళందరూ నా బల్ల చుట్టూ మూగారు. "ఎలగే? ఎలగ సేసేవే?" మాట రాలేదు. వేలితో బల్ల మీద కొట్టి చూపించాను. సాయంత్రానికి గదంతా తపతపలే. "ఇది రత్నం పోటు" అని మాస్టారు పేరు పెట్టేశారు.

అత్త నీళ్ళ తొట్టి దగ్గర కనబడిన వాళ్ళందరికీ చెప్పింది. "నా కోడలికి నేర్పినాది ఎవులనుకున్నారు? నా రోకలి!"

ఆయన అన్నం తింటూ బొటనవేలు మాత్రం చాపారు. అత్త చూస్తుండగానే.

పదమూడో రోజు

బస్తా పరీక్ష. తాడు చివర మనిషి బరువుకు ఇసక బస్తా కట్టి ఇరవై బారల లోతుకు దించారు. నిజం గిలక, నిజం నీళ్ళు. నేను పైకి తేవాలి. అరవై అంకె మీద లాగితే నాలుగువందలు లెక్కపెట్టేసరికి బస్తా పైకి రావాలి. అంతకంటే ముందొస్తే మనిషికి పొంగు పడుతుంది. లోతునుంచి తొందరగా లాగేసిన మనిషి నెత్తురు, గోలీ నొక్కిన సోడాబుడ్డిలా పొంగుతుంది.

దంపుడు లెక్కతో మనసులో లెక్కపెట్టుకుంటూ కొట్టాను. అంకె అరవై దగ్గరే ఉంది. బస్తా పైకి వచ్చింది. మాస్టారు దాన్ని తట్టి, "గోనె సిరగలేదు, ముడి జారలేదు. శెభాష్" అన్నారు.

నా లెక్క రెండువందల పది దగ్గర ఉంది.

మాస్టారు తెర మీద అంకెనే చూస్తూ ఉన్నారు, లెక్కపెట్టలేదు. ఇంకెవరూ లెక్కపెట్టినట్టు లేరు. చెప్పాలనుకున్నాను. గది నిండా జనం. ఒడ్డు ఆఫీసువాడు కూడా వచ్చి కూర్చున్నాడు. నాలుగో తరగతి దానివి, నీకు లెక్కొచ్చా అంటారేమో. నిజంగానే మధ్యలో వందలు రెండు మింగేశానేమో. వేళ్ళు కదుపుతూ లెక్కపెట్టడం ఎంత కష్టమో.

పుస్తకం మీద ముద్ర వేశారు. నేను తల ఊపాను.

పదహారో రోజు

రెండు రోజులుగా ఖాళీగా ఉన్నప్పుడల్లా నాలుగువందలు లెక్కపెడుతున్నాను. అన్నం వారుస్తూ, చేపలు తోముతూ. ఒక్కసారి కూడా వందలు మింగలేదు.

"మావా, ఆ బస్తా..." అని మొదలుపెట్టాను. ఆయన పట్టీకి కొత్త బకిలీ వేసుకుని చూసుకుంటున్నారు.

"బస్తాకేటయ్యింది?"

"బేగొచ్చీసిందేమో అనిపించింది."

"మాస్టారు అంకె సూసేడు కదే. సరిగ్గానే ఉందన్నాడు. నాకు లెక్కలు సెప్పకు రత్నం. నీ సెయ్యి నానెరుగుదును." అని నా బొటనవేలు పట్టుకుని, "ఇది అరవై" అన్నారు.

మాస్టారి దగ్గరికి వెళదామని గిలకల గది గుమ్మం దాకా వెళ్ళాను. లోపల నలుగురు మగవాళ్ళతో మాట్లాడుతున్నారు. గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వచ్చేశాను.

పంతొమ్మిదో రోజు

ఆయన వెళ్ళారు. పసుపు నీళ్ళు చల్లి, తాడుకు బొట్టు పెట్టి, గాలి గొట్టం తగిలించి దించాం. పంతొమ్మిది బారల దగ్గర కాళ్ళు ఆనినట్టు తాడు ఒకసారి ఊపారు. అంతా మామూలుగా ఉంది. కింద పాత ఇళ్ళనుంచి రాగి తీగ చుట్టలు రెండు పైకొచ్చాయి. తర్వాత రమ్మనే గంట కొట్టాను. కొట్టి వదిలి, కొట్టి వదిలి లాగడం మొదలుపెట్టాను.

పది బారల దగ్గర మెట్టు. అక్కడ మనిషిని ఆపి ఆరువందలు లెక్కపెట్టాలి. అంకె అరవై. లోతు చూపే ముల్లు పదకొండు దాటింది. వేలు తీసేశాను.

ముల్లు ఆగలేదు.

పది. తొమ్మిది. గిలక డ్రమ్ము తిరుగుతూనే ఉంది. మాస్టారు అవతల అంచు మీద బ్రేకు కర్ర పక్కనే నిలబడి నీళ్ళలోకి చూస్తున్నారు. ఒక్క కేక వేస్తే చాలు. నోరు తెరిచాను. "మాస్టారూ" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఎనిమిది. ఏడు. ఇంకోసారి అన్నాను. ఆరు. అప్పుడు లేచి పరిగెత్తాను. మాస్టారి చెయ్యి పట్టుకుని లాగితే నన్ను చూసి బ్రేకు కర్ర వేశారు. ముల్లు రెండు బారల దగ్గర ఆగింది.

వెంటనే మళ్ళీ దించారు. రెండు గంటలు నీళ్ళలోనే ఉంచారు. ఆలస్యమైపోయింది.

ఇరవై రెండో రోజు

ఆయన బతికే ఉన్నారు. మెడ దగ్గరనుంచి కింద ఏమీ తెలియడం లేదు. మాట బాగానే ఉంది.

ఆఫీసువాడు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. మూడుసార్లు తాడు ఊపితే బేగి లాగమని అర్థం కదా. "నీ మొగుడు తాడు మూడుసార్లు ఊపాడా?" అని నన్ను అడిగాడు. ఆయన ఊపలేదు. నేను తల వంచుకున్నాను. దాన్ని వాడు ఔనని రాసుకున్నాడు. పొరపాటు మునిగినవాడిదే అని రాసి కింద ఆయన వేలిముద్ర తీసుకున్నాడు. ఆయన వేలు పట్టుకుని కాగితం మీద అద్దింది నేనే.

వాడు వెళ్ళాక ఆయన పైకప్పు వైపు చూస్తూ అన్నారు, "నీ తప్పేటీ లేదు రత్నం. కింద సీకటిగుంటాది. బెదిరిపోయి నానే తాడు ఊపీసుంటాను. గేపకం లేదు."

నేను గంజి గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

ముప్పయ్యో రోజు

గిలకల గది ఊడ్చే పని నాకే ఇచ్చారు. మాస్టారు లేనప్పుడు వట్టి గిలక మీద కొట్టి చూశాను. కొట్టి వదిలి, కొట్టి వదిలి. తెర మీద అరవై. డ్రమ్ము మాత్రం నిండు జోరుతో తిరిగింది. వేలు తీశాక కూడా చాలాసేపు తిరిగింది.

ఆటలో దారానికి బరువు లేదు. పోటూ ఊపిరీ కలిపి ఆట తనే సగం చేసుకుంటుంది, తెర మీది అంకె కూడా ఆ సగమే. గిలకది ఇనుప డ్రమ్ము. ప్రతి పోటూ దానికి నిండు పోటే. అది నెమ్మదించేలోపే ఇంకోటి పడుతుంది. ఊపిరి దానికి అందదు. పైగా నీళ్ళలో మనిషి ఇసక బస్తా కంటే తేలిక. బస్తా రెండువందల పదికి వచ్చినప్పుడే ఇదంతా చెప్పింది. బస్తాకు నెత్తురు ఉండదు కాబట్టి ఎవరూ వినలేదు. విన్నది నేనొక్కదాన్ని.

మాస్టారు వచ్చాక చెప్పాను. ఈసారి గొంతు వచ్చింది. ఆయన తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"ఇది నోరు దాటనీకమ్మా. ముద్ర ఏసినోడిని నాను. ఆఫీసుకి తెలిస్తే కీబోర్డులు పీకీసి అందర్నీ గడియారం గిలకకి కట్టీస్తారు. తపతపలు నానే మానిపిస్తాను, మీటలు ఇరిగిపోతన్నాయని సెప్పి."

మా ఏడో మంచె మీద మానిపించారు. కానీ పడవలకు నోళ్ళుంటాయి కదా. రత్నం పోటు మీ మంచె దాకా వెళ్ళిందని అప్పటికి నాకు తెలియదు.

ముప్పై ఆరో రోజు

వడ్లు దంచుతున్నాం. అత్త ఉన్నట్టుండి రోకలి ఆపింది.

"ఆ బస్తా ఎన్ని పోట్లకొచ్చిందే?"

"నాలుగొందలకి" అన్నాను.

నా మొహం వైపు చూసింది. తర్వాత నా చేతుల వైపు చూసింది. "నువ్వెల్లి ఆడికి గంజి పట్టు. నాను దంచుకుంటాను" అంది.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక్క రోకలి చప్పుడే.

చెల్లీ, పుస్తకంలోవి ఇంతే. ఇకనుంచి నీకోసం రాస్తున్నవి.

పోటు కొట్టకు. ఎవరెంత మెచ్చుకున్నా కొట్టకు. చిటికెనవేలు సగం మీట మీద పెట్టి తియ్యకుండా లాగు. పెద్ద చేప పోతుంది. పోనీ. దారం తెగుతుంది. తెగనీ. ఆటలో ఓడిపో. ఓడిపోతే దానయ్యను గడియారం గిలకకు కడతామంటారు. అప్పుడు అతన్ని మునగనివ్వనని నువ్వు మంకుపట్టు పట్టు. ఏడువు, అన్నం మానెయ్, పుట్టింటికి పోతానను. నాలాగ తల ఊపకు. దానయ్యను ఉప్పు గీకే మంచె మీద పని అడగమను. ఉప్పు గీకేవాడి చేతులు పగిలిపోతాయి, పుళ్ళు పడతాయి. కానీ చేతులుంటాయి. తాడు ఇచ్చినా ఇవ్వకపోయినా ఇంతకన్నా మంచి దారి నాకు కనబడలేదు. ఉంటే రాసేదాన్ని.

ఎందుకు వద్దంటున్నావని దానయ్య అడిగితే నా పేరు చెప్పకు. చెబితే వాళ్ళ అన్నకు చేరుతుంది.

ఆయన రోజూ పొద్దున్న మొహం కడిగాక నా బొటనవేలు తన గుప్పిట్లో పెట్టమంటారు. వేళ్ళు నేనే విప్పి, నా వేలు పెట్టి, మళ్ళీ నేనే మూస్తాను. ఆయన పళ్ళు బిగించి, మొహం ఎర్రబడేదాకా పట్టి, "పిసుకుతన్నాను. ఎంత?" అంటారు.

ఏమీ ఉండదు చెల్లీ. తడిగుడ్డలో వేలు పెట్టినట్టు ఉంటుంది.

మొదటి రోజు "మూడు" అన్నాను. ఆయన కళ్ళల్లోకి చూడకుండా అన్నాను. "మూడా! నిజంగానా?" అని అత్తను కేకేశారు. అత్త గుమ్మంలో నిలబడి నన్ను చూసి, "అవున్రా, వేళ్ళు కదిలినాయి" అని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు నాలుగన్నాను. ఇవాళ నలభై ఒకటి. "వంద దాటితే మంచం దిగుతాను, సూడు" అన్నారు. నూనె వాసన ఇప్పుడు ఆ చేతులకు లేదు, నేనే కాస్త రాస్తున్నాను.

రోజుకొకటి చొప్పున చెబుతూ పోతే ఇంకా రెండువందల పద్నాలుగు రోజులుంటాయి. ఈ లెక్క నాలుగుసార్లు వేశాను. ఎక్కడా వందలు మింగలేదు. ఆ తర్వాత అంకె లేదు.

ఈ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టు. పెట్టి వెళ్ళిపోకు, పూర్తిగా కాలేదాకా అక్కడే కూర్చో. సగం కాలిన కాగితం మీద కూడా అక్షరాలు కనబడతాయి.

నీ అక్క,
నూకరత్నం